గడీ: చివరి దీర్ఘం చెప్పే కథ

కరీంనగర్ పల్లెల్లో ఊరి నడుమ ఎత్తైన గోడ, మూలన బురుజు, కూలిన కప్పు మీద మొలిచిన రావిమొక్క కనిపిస్తే పసిపిల్లవాడైనా 'దొర గడీ' అని చెప్తాడు. ఊరి భూస్వామి కోటయిల్లన్నమాట. గోడ కూలినా పేరు కూలలేదు. ఆ పేరును కాస్త తవ్వి చూద్దాం.

తెలుగులో 'గడి' ఉంది. పొలిమేర అని అర్థం. కన్నడంలోనూ అంతే. చదరంగం పలక మీది చదరమూ గడే. హద్దు గీసి కట్టిన ఇల్లు గనుక గడీ ఇందులోంచే పుట్టిందని అనిపిస్తుంది. కానీ బహువచనం ఒప్పుకోదు. బడి బళ్ళు, గుడి గుళ్ళు, గడి గళ్ళు. గడీ మాత్రం గడీలు. 'దొరల గళ్ళు' అని ఎవరూ అనరు.

గుట్టంతా ఆ చివరి దీర్ఘంలో ఉంది. పాతకాలపు సంస్కృత పదాలను తెలుగు కుదించుకుంది: నదీ నది అయింది, లక్ష్మీ లక్ష్మి అయింది. తర్వాత ఉర్దూ, మరాఠీల దారిన వచ్చిన గల్లీ, కచేరీ, దర్జీ దీర్ఘంతోనే నిలిచాయి. గడీ ఈ రెండో గుంపుది. మరాఠీలో అది గఢీ. మన నోట ఒత్తు ఊడింది, దీర్ఘం మిగిలింది.

గఢ్ అంటే కోట, గఢీ అంటే చిన్న కోట. నిర్మల్‌లోని శ్యాంగఢ్, ఎక్కడో ఉన్న రాయగఢ్, మన గడీ ఒక్క ఇంటివే. ఆదిలాబాద్ గోండులు తమ వంశమూలాలను గఢ్‌లతో ముడిపెట్టి చెప్పుకుంటారు. ఒకే మాట ఒకరికి పుట్టిల్లు, పక్క జిల్లా రైతుకు భయం.

గడీలోని మాటలూ తలో దిక్కువి. బురుజు అరబ్బీ 'బుర్జ్'. వెట్టి సంస్కృత 'విష్టి'. దొర మాత్రం మన ద్రావిడమే. తమిళంలో దురై, కన్నడంలో దొరె.

ఇంటి పేరు ఇంకోదానికి పేరు కావడం మరోచోటా ఉంది. మధ్యయుగ జపాన్‌లో ప్రభువుల కోటయింటిని 'యకత' అనేవారు. అందులో ఉండే ప్రభువును 'ఒయకత సమ' అని పిలిచేవారు. అక్కడ ఇల్లు మనిషికి పేరైంది. మన దగ్గర అది పాలనకే పేరైంది. 'గడీకి రమ్మన్నరు' అంటే ఇంటికి పిలిచారని కాదు. తీర్పుకో, వెట్టికో, దండుగకో పిలిచారని. 1978 సెప్టెంబరులో దొరల మీద రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత దొరలు ఒక్కొక్కరే పట్నం దారి పట్టారు, గడీలు పాడుబడ్డాయి. 'గడీల పాలన' అన్న మాట మాత్రం సభల్లో నేటికీ వినిపిస్తూనే ఉంది.

నిఘంటువుల్లో 'గడీ'కి చిన్న కోట అన్న ఒక్క అర్థం చాలదు. వెట్టి చేసినవాళ్ళు ఎరిగిన అర్థమూ పక్కన చేరాలి. గడీ వాకిట్లో నిలబడిన ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళుండగానే అడిగి రాసుకోండి.