రేలా పాటకు అర్థమేమిటి? ఆవపల్లి అడవుల్లో పల్లవి చెప్పే సంగతులు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకులో ఆవపల్లి ఉంది. పేరు వింటే తెలుగు ఊరే అనిపిస్తుంది. పరిసర గ్రామాల్లో దోర్లాలు, మురియాలు నివసిస్తారు. దోర్లాల మాట దోర్లీ. తెలంగాణలోని భద్రాచలం, ములుగు అటవీ ప్రాంతాల్లో వినిపించే కోయ భాషకు అది అత్యంత సన్నిహితం. రాష్ట్రాల సరిహద్దు ఈ పాటలను విడదీయలేదు. అటూ ఇటూ పెళ్లిళ్లలో, పండుగల్లో స్త్రీలు చేతులు కలిపి వరుసగా అడుగులు వేస్తూ అందుకునే పల్లవి ఒక్కటే: ‘రేలా’.

ఈ మాటకు అర్థమేమిటన్నది పాత ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతికితే, జానపద గేయాల ‘రహస్యార్థాల’ గురించి నేడు ప్రచారంలో ఉన్న అనేక కథనాలను ఎలా పరిశీలించాలో కూడా బోధపడుతుంది.

చెట్టా, ధ్వనా?

ఎక్కువగా వినిపించే వివరణ ప్రకారం రేలా అంటే రేల చెట్టు. వేసవిలో ఆకులు రాలిన కొమ్మలకు బంగారు రంగు పూల గుత్తులు వేలాడదీసే చెట్టు ఇది. సంస్కృతంలో దీన్ని ఆరగ్వధం అంటారు. కాయలోని గుజ్జును విరేచనకారిగా ఆయుర్వేదం వాడుతుంది. కేరళలో విషు పండుగనాడు ఇంట అలంకరించే కొన్నపూలు ఇవే. అడవిలో పండుగలు, పెళ్లిళ్లు జరిగే ఎండాకాలంలోనే ఇది పూస్తుంది కనుక, పాటలోకి దీని పేరు వచ్చిందనడం సహజంగానే తోస్తుంది.

అయితే బస్తర్‌లో ఇతర చోట్ల ఇదే పల్లవి రూపం మారుతుంది. మురియాల పాటల్లో అది ‘రేలో’ అవుతుంది. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో వెలువరించిన మురియాల అధ్యయనంలో ఈ రేలో పాటల ప్రస్తావన ఉంది. చెట్టు పేరే మూలమైతే ధ్వని ఇంత సులువుగా మారడం ఎందుకన్న సందేహం ఇక్కడ కలుగుతుంది. అందువల్ల, ఇది మొదట అర్థంతో నిమిత్తం లేని లయపదమనీ, చెట్టుతో సంబంధం తరువాత కుదిరిందనీ భావించడానికి కూడా అవకాశం ఉంది.

పల్లవి చేసే పనిని గమనిస్తే ఈ రెండో వాదానికి బలం చేకూరుతుంది. ముందు పాడేవారు ఒక చరణం అంటారు. బృందం ‘రేలా’ అని అందుకుంటుంది. ఆ వ్యవధిలో ముందు పాడేవారు తరువాతి చరణాన్ని అల్లుకుంటారు. పెళ్లికూతురి ఊరు, వియ్యాలవారి పేరు, ఆ ఏటి వాన, అన్నీ అప్పటికప్పుడు పాటలోకి వస్తాయి. బతుకమ్మ పాటల్లో ‘ఉయ్యాలో’ చేసే పని కూడా ఇదే. అక్కడ ఉయ్యాల గురించి కథ ఉండనవసరం లేదు. పదిమందిని ఒకే అడుగులో నిలపడమే ఆ మాట ప్రయోజనం.

తరువాత పుట్టిన ‘రహస్యాలు’

పాట వెనుక రహస్యం ఉండాలన్న కోరిక ఒక్క చోటికి పరిమితం కాదు. ఆంగ్లంలోని ‘రింగ్ ఎ రింగ్ ఓ రోజెస్’ 1665 నాటి లండన్ ప్లేగు గురించినదని ప్రపంచమంతా నమ్ముతుంది. కానీ ఇంగ్లండ్‌లో ఆ పాటకు ప్రసిద్ధి తెచ్చిన ముద్రణ 1881 నాటిది, కేట్ గ్రీన్‌అవే పుస్తకంలోనిది. ప్లేగు వివరణ ప్రచారంలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తరువాతనే. బాలగేయాల పరిశోధకులు అయోనా, పీటర్ ఓపీ దంపతులు దానిని అంగీకరించలేదు.

తెలుగులో ‘కాళ్ళా గజ్జా కంకాళమ్మ’ ఆటపాటకూ ఇలాంటి కథనమే అతుక్కుంది. అది గజ్జి రోగానికి మందు చెప్పే పాటనీ, అందులో వచ్చే మొక్కల పేర్లు ఔషధాలనీ సామాజిక మాధ్యమాల్లో తరచూ కనిపిస్తుంది. పిల్లలు కాళ్లు బారచాపి వరుసగా కూర్చుంటే, ఒకరు పాట పాడుతూ కాళ్లను లెక్కిస్తారు. పాట ముగిసిన చోట ఉన్న కాలు ముడవాలి. కాళ్ల ఆటలో కాలిగజ్జె ప్రస్తావన రావడానికి రోగం అవసరం లేదు. పైగా ఒక మాట నుంచి మరొక మాటను అందుకుంటూ సాగే గొలుసు పాట ఇది. ప్రాంతాన్ని బట్టి ఆ గొలుసులోని పేర్లు మారిపోతాయి. ఊరు మారినప్పుడల్లా దినుసులు మారే మందు మందు కాజాలదు.

పాట నిజంగా చరిత్ర మోసే చోటు

అంతమాత్రాన జానపద గేయాల్లో చరిత్ర ఉండదని కాదు. కోయల్లో డోలి కళాకారులు వంశచరిత్రలను గానం చేస్తారు. బొమ్మలున్న పడిగె అనే గుడ్డను ఎదుట నిలిపి, ఏ గట్టు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ వేల్పు ఎవరిదో పాడతారు. మేడారంలో సమ్మక్క, సారలమ్మల వీరగాథ కూడా ఈ సంప్రదాయంలోనే నిలిచి ఉంది. రెండేళ్లకొకసారి జరిగే ఆ జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా భక్తులు తరలివస్తారు. మణుగూరు ప్రాంతానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన మరణించారు.

ఈ పాటల్లో రహస్యమేదీ లేదు. చెప్పదలచినది నేరుగానే చెబుతాయి. వినేవారికి ఆ భాష, ఆ గట్ల పేర్లు, ఆ వేల్పులు తెలిసి ఉంటే చాలు. ఆ తెలివిడి లోపించినప్పుడే పాట బయటివారికి చిక్కుముడిగా కనిపిస్తుంది.

పాట ఉండి అర్థం పోతే

ఆవపల్లి పరిసరాల్లో ఆందోళన కలిగిస్తున్నది ఈ లోపమే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక, మావోయిస్టులతో సాగిన ఘర్షణల మధ్య దక్షిణ బస్తర్‌లో అనేక గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు చేరారు. వేలమంది అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు వలస వచ్చారు. సల్వాజుడుంకు ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పునిచ్చింది. కానీ చెదిరిన ఊళ్లలో విత్తనాల పండుగ పాట పాడే పొలం, పెళ్లిపాట అందుకునే బృందం చాలాచోట్ల తిరిగి ఏర్పడలేదు.

మరోవైపు ‘రేలా’ మాత్రం విస్తరించింది. విప్లవ గీతాల్లోకి, తెలంగాణ ఉద్యమ వేదికల మీదికి, టెలివిజన్ కార్యక్రమాల్లోకి చేరింది. పల్లవి ప్రసిద్ధమైంది, దానితో కూడిన చరణాలు మాత్రం వెనుకబడ్డాయి. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 30 లక్షలు, కోయ మాట్లాడేవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. ఈ రెండు భాషల్లో ఏదీ రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో లేదు. సరిహద్దుకు ఒకవైపు పిల్లలకు బడిలో ఎదురయ్యే లిపి దేవనాగరి, మరోవైపు తెలుగు.

తెలుగులో బిరుదురాజు రామరాజు 1950లలో జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధన స్థాయికి తెచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర 2010 నుంచి మొబైల్ ఫోన్ ద్వారా ఆదివాసులు తమ భాషలోనే మాట, పాట వినిపించే వీలు కల్పించింది. ఇలాంటి సేకరణల్లో పాట ఒక్కటే నమోదైతే చాలదు. ఎవరు పాడారు, ఏ పనిలో పాడారు, ఎవరు అందుకున్నారు, ఏ మాటను పాడినవారే ఎలా వివరించారు అన్నవి కూడా పాటలో భాగమే. అవి లేని చోట కొత్త ‘రహస్యాలు’ పుట్టుకొస్తూనే ఉంటాయి.