బదిలీ ఖర్చును ఆదాయపుపన్నును

కాజీపేట రైలుకూడలి మడికొండకు ప్రక్కనే యుండుటచే బదిలీ బాధ మా యూరివారికి వేఱుగ వర్ణింప నక్కఱలేదు. సామాను కట్టించుట, లారీ బాడుగ, బిడ్డల టిక్కెట్లు: వీనికై యిచ్చిన పైకము ఆదాయమగునా?

1857 తిరుగుబాటు తెచ్చిన లోటును పూడ్చుటకు జేమ్సు విల్సను 1860లో బ్రిటిషిండియాయందు ఆదాయపుపన్నును ప్రవేశపెట్టెను. నిజాము రాజ్యములోని మడికొండ కది వర్తింపలేదు. భారత ప్రభుత్వపు పన్ను శాసన మిచ్చటికి వచ్చినది 1950 ఏప్రిలు 1న. పిమ్మట 1961 శాసనము, 10వ సెక్షను 14వ ఖండమున, యజమాని యిచ్చు బదిలీ భత్యమును నిజముగా వ్యయమైనంతవఱకే పన్నునుండి మినహాయించెను. ఆ "నిజముగా" అను మాటయందే చిక్కంతయు నున్నది. 20,000 రూపాయలు పుచ్చుకొని 12,000 వ్యయించినవానికి తక్కిన 8,000 ఆదాయమే. తనంత తాను కొలువు మార్చుకొని, స్వంత సొమ్ముతో ఇల్లు మాఱిన జీతగానికి మినహాయింపే లేదు. ఇది కఠినమని మా తలంపు.

అయినను దొంగరసీదు దానికి మందు గాదు. "అందఱును చేయునదే, అడుగువా రెవరు?" అను పెద్దమనుష్యులను మే మెఱుగుదుము. రిటర్నుతో రసీదులు జతపఱుపరు, నిజమే. కాని అధికారి అడిగిననాడు చూపవలయును. లేని ఖర్చును చూపి పట్టుబడినవానికి, 2016లో చేర్చిన 270ఎ సెక్షను, తప్పించిన పన్నుకు రెండింతలు జరిమానా నిర్ణయించెను. పన్నును వడ్డియు వేఱు. బదిలీ ఉత్తరువు, లారీ బిల్లు, టిక్కెట్లు ఒక్కచోట దాచుకొన్నవానికి ఆ నోటీసు వట్టి కాగితము.