క్రెట్ లంకయు తలైంగ్ శబ్దమును

బ్యాంకాకు మహానగరమునకు ఉత్తరముగా, చావ్ ప్రయా నదిలో, నొంతబురి మండలమునకు చెందిన చిన్న లంక యొకటి కలదు. దానిని థాయి ప్రజలు 'కో క్రెట్' అందురు. 'కో' యనగా వారి భాషలో ద్వీపము. విస్తీర్ణము నాలుగు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. నగరము నాలుగు దిక్కుల పెరిగి వచ్చినను ఈ లంక పండ్లతోటలతో, కుమ్మరి ఆములతో, బౌద్ధవిహారములతో పల్లెగానే నిలిచియున్నది. ఇంత చిన్న లంకను గూర్చి, అదియు పరదేశమునందలి దానిని గూర్చి, తెలుగు శాఖవారి పత్రికలో వ్రాయుట కేమి కారణమని పాఠకులు అడుగవచ్చును. కారణ మిది. ఈ లంకవాసులలో పెక్కుమంది మోన్ జాతివారు. ఈ మోనులనే బర్మీయులు 'తలైంగులు' అనిరి. తలైంగ్ అనునది తెలింగ శబ్దమే కావున వీరు మన తెలుగువారి సంతతియని మన చరిత్రరచనలలో అక్కడక్కడ చెప్పబడుచున్నది. మేమును విద్యార్థిదశలో దీనిని నమ్మితిమి. అధ్యాపకవృత్తిలో తొలి యేండ్లలో తరగతిలో బోధించితిమి గూడ. నాటి బోధనను సవరించుకొనుట ఈ వ్యాసమునకు గల ప్రయోజనములలో నొకటి.

లంక యనగానే మనకు గోదావరి లంకలు తలపునకు వచ్చును. అవి వరద తెచ్చిన ఒండ్రు ఏటేట మేటవేయగా నేర్పడినవి. ఒక వరదలో పెరుగును, మరియొక వరదలో కోసుకొనిపోవును. క్రెట్ లంక పుట్టుక వేరు. అది మనుష్యులు చేసిన లంక. చావ్ ప్రయా నది పల్లపు భూములలో మెలికలు తిరుగుచు మెల్లగా ప్రవహించును. సముద్రమునుండి నాటి రాజధానియైన అయుత్థయకు (ఇది మన అయోధ్య పేరే) పోవు నావలు ఆ మెలికల వెంబడి చుట్టి పోవలసి వచ్చుచుండెను. కావున అచ్చటి రాజులు ఏటివంపు మెడకడ్డముగా కాలువ త్రవ్వించి దారి తగ్గించు పద్ధతి నవలంబించిరి. 16వ శతాబ్దిలో చైరాచా రాజు నేటి బ్యాంకాకు ఉన్నచోట నిట్టి కాలువ నొకదానిని త్రవ్వించెను. 1636లో ప్రసాత్ థోంగ్ రాజు నొంతబురివద్ద మరియొకటి త్రవ్వించెను. థాయ్ సా రాజు ఏలుబడిలో 1722లో త్రవ్వినది మన ప్రస్తుత విషయమైన క్రెట్ కాలువ. దాని పేరు 'ఖ్లోంగ్ లత్ క్రెట్ నోయ్'. ఖ్లోంగ్ అనగా కాలువ, లత్ అనగా అడ్డదారి, నోయ్ అనగా చిన్నది.

త్రవ్విననాడు అది పేరునకు తగిన చిన్న కాలువయే. నీరు వాలును వెదకుకొనును గదా! దగ్గరిదారి దొరకిన పిమ్మట ప్రవాహ మటు మళ్ళి, గట్లను కోసి, క్రమముగా కాలువను ఏటిపాయగా మార్చివేసెను. పాతవంపునకును క్రొత్తపాయకును నడుమ చిక్కిన నేల ద్వీపమైనది. బ్యాంకాకు కడ ఇంకను వింత జరిగినది. అచ్చట త్రవ్విన కాలువయే నేడు ప్రధాననది. పూర్వపు నది బ్యాంకాక్ నోయ్, బ్యాంకాక్ యాయ్ అను రెండు కాలువలుగా సన్నగిల్లినది. చావ్ ప్రయాపై పడవలో పోవు యాత్రికుడు కొన్నిచోట్ల నది యనుకొని చూచునది నాటి కూలీల గడ్డపారల పనియే.

ఇట్లు పుట్టిన లంకకు జనము వచ్చినది యుద్ధములవలన. దిగువబర్మాలో మోనులకు పెగూ రాజధాని. 1757లో బర్మా రాజగు అలౌంగ్‌పయా పెగూను పట్టుకొనెను. తరువాతి పాలనలో మోనులు తిరుగుబాటు చేయుటయు, ఓడిపోవుటయు, కొండకనుమలు దాటి సయాము చేరుటయు పలుమారులు జరిగినది. 1767లో బర్మీయులు అయుత్థయను నాశనము చేయగా, తక్సిన్ రాజు థోన్‌బురి రాజధానిగా రాజ్యమును మరల నిలిపెను. బర్మా తనకు శత్రువగుటచే దానికి శత్రువులైన మోనుల నాతడు ఆదరించెను. 1774లో వచ్చినవారిని పాక్ క్రెట్, సామ్ ఖోక్ ప్రాంతములలో నిలిపిరి. రెండవ రామరాజు కాలమున 1815లో మరియొక పెద్దగుంపు వచ్చినది. వీరికి నదీతీరమున, రాజధానికి పైన నివాసము లొసగుటలో దయయు కలదు, రాజ్యతంత్రమును కలదు. ఉత్తరమునుండి శత్రువు వచ్చినచో మొదట ఎదుర్కొనువారు బర్మీయుల నెరిగిన మోనులే యగుదురు.

శరణార్థులుగా వచ్చినవారు తమతో తెచ్చుకొనినవి ముఖ్యముగా రెండు: మతము, మట్టిపని. లంకకు ఈశాన్యకోణమున, క్రొత్తపాయ చీలుచోట, ఒక మోను విహారము కలదు. 1868 నుండి 1910 వరకు రాజ్యమేలిన చూళాలంకరణుడు తన్ను పెంచిన అవ్వవరుస రాజకుమారి గౌరవార్థము దీనిని ఉద్ధరించి క్రొత్తపేరు పెట్టెను. థాయి నోట ఆ పేరు 'పోరమైయికావాత్' అని వినబడును. వ్రాతలో చూచినచో అది 'పరమయ్యికావాస', పరమ, అయ్యికా, ఆవాస అను మూడు పదముల కూర్పు. పాళిలో అయ్యికా యనగా అవ్వ. పలుకుబడిలో గుర్తుపట్టరాని పదము లిపిలో వెంటనే మనదిగా తోచుట థాయిదేశమున అడుగడుగున జరుగును. ఆ విహారమువద్ద ఏటియొడ్డున తెల్లని చిన్న చేతియ మొకటి, ఒడ్డు కోతవలన, ఒక ప్రక్కకు ఒరిగి నిలిచియున్నది. పెగూలోని మహాచేతియమును తలచుకొని కట్టినది గావున దానిని ముతావ్ చేతియ మందురు. విడిచివచ్చిన దేశపు గుడిని చిన్నదిగా కట్టుకొని దానికే మ్రొక్కుట కంటె ప్రవాసుల మనస్సును తెలుపు సాక్ష్యము మరియొకటి వలయునా?

వీరి వినయనిష్ఠ సయాము రాజవంశమునే కదలించినది. చూళాలంకరణుని తండ్రియగు మోంగ్‌కుత్ రాజ్యమునకు వచ్చుటకు ముందు ఇరువది యేడేండ్లు భిక్షువుగా నుండెను. ఆ కాలమున ఒక మోన్ భిక్షువు ఆచారనియమములను చూచియే ధమ్మయుత్తిక నికాయమను సంస్కరణశాఖకు ఆయన నాంది పలికెను. వంటకములలోను వారి గుర్తు కలదు. ఏప్రిలు మాసపు సంవత్సరాది పండుగనాడు పూలతో పరిమళింపజేసిన చల్లని నీటిలో అన్నము వేసికొని తినుట మోనులనుండి థాయి రాజగృహమునకు ప్రాకినది. మన చద్దన్నమునకు రాజమర్యాద జరిగినట్లున్నది.

మట్టిపనికి లంకలోని కుమ్మరివాడ పేరే సాక్ష్యము. 'క్వాన్ అమాన్' అందురు. మోన్ భాషలో క్వాన్ అనగా ఊరు. సారెపై తీర్చిన కుండలు, కూజాలు, మూతలు గాజుపూత లేక ఎఱ్ఱగా కాలియుండును. పచ్చిగా నున్నప్పుడే వానిపై లతలను చెక్కుదురు. నొంతబురి మండలపు రాజముద్రికపై నున్నది మట్టిపాత్రయే. 2011 సంవత్సరపు మహావరదలలో ఈ లంక మునిగినది.

ఇక పేరు సంగతి. తలైంగ్ శబ్దమును తెలింగానతో ముడిపెట్టినవారిలో ప్రముఖుడు ఆర్థర్ ఫేర్. ఈయన బర్మా చరిత్ర 1883లో వెలువడినది. తెలుగుతీరమునుండి వర్తకులు పోయి దిగువబర్మాలో స్థిరపడిరనియు, వారి పేరే దేశీయులకు అంటినదనియు ఈయన భావము. దీనికి ప్రతిగా ఫోర్ఖామర్ పండితుడు, అది 'త్రొక్కబడినవారు' అను నర్థముగల మోన్ మాటయని, పరాజయము తరువాత బర్మీయులు పెట్టిన నిందానామమని చెప్పెను. ఈ రెండవ వాదము నిలువదు. ఆ శబ్దము ప్రాచీనరూపమున పగాన్ కాలపు శాసనములలోనే, అనగా అలౌంగ్‌పయాకు ఆరు శతాబ్దులకు ముందే, కనబడుచున్నది. కావున ఫేర్ వాదమునకు ఇంకను ప్రాణమున్నదని యొప్పుకొందము. అయినను అది సిద్ధాంతమని చెప్పుటకు వలయు ఆధారము లేదు.

ఒకవేళ పేరు తెలింగ శబ్దమునుండియే వచ్చినను ఏమి ఋజువగును? 18వ శతాబ్దిలో ఆంగ్లేయులు దక్షిణమునుండి తీసికొనిపోయిన సిపాయిలను వంగదేశమున 'తిలంగా'లనిరి. కొలదికాలమునకు ఆ మాట సిపాయి యను నర్థమున స్థిరపడి, 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన ఔధు సైనికులకును వాడబడినది. వారిలో తెలుగుగడ్డను కన్నవారెందరు? పేరు పోయినచోటికెల్ల రక్తము పోదు. పైగా తలైంగ్ అనునది ఇతరులు పెట్టిన పేరు. మోనులు దానిని నిందగా భావింతురు. పెగూ రాజగు ధమ్మచేతి 15వ శతాబ్దిలో వేయించిన కల్యాణీ శాసనములలో వారి దేశము రామఞ్ఞదేశము. ఒక జాతి తనది కాదనుచున్న పేరును పట్టుకొని వారితో చుట్టరికము కలుపుకొనుట మర్యాదయు కాదు, చరిత్రయు కాదు.

భాష మాట యింకను స్పష్టము. మోన్ ద్రావిడభాష కాదు. అది ఖ్మేర్ భాషకు తోబుట్టువు. విల్హెల్మ్ ష్మిత్ 1906లో మోన్-ఖ్మేర్ భాషలను మన దేశపు ముండాభాషలతో కలిపి ఆస్ట్రోఆసియాటిక్ కుటుంబమును ప్రతిపాదించెను. రెండు, మూడు, నాలుగు అనుటకు ప్రాచీన మోన్‌లో బార్, పి, పన్. సంతాలీలో బార్, పే, పోన్. తెలుగు సంఖ్యలతో వీనికి పోలిక వెదకుట వృథాశ్రమ. ఇందుండి ఒక చిత్రమైన ఫలితము వచ్చుచున్నది. ఆంధ్రదేశమున మోనులకు భాషాబంధువులు నిజముగా కలరు. వారు సముద్రతీరమున ఓడలెక్కిన తెలుగు వర్తకులు కారు, శ్రీకాకుళపు కొండలలోని సవరలు. సవర ముండాశాఖలోని భాష. మన గొప్పకు సాక్ష్యముగా తలైంగులను పిలుచుకొనినవారు ఇంటిప్రక్క కొండమీద నున్న ఆ చుట్టములను మాత్రము చూడరైరి. మేమును చూడలేదు.

తెలుగుదేశమునకును మోనులకును సంబంధమే లేదనుట మా యభిప్రాయము కాదు. మోన్ లిపియు, తెలుగు లిపియు దక్షిణదేశపు బ్రాహ్మీశాఖలనుండి పెరిగినవి. సయామునందలి ద్వారవతీ కాలపు శాసనములలో ప్రాచీన మోన్ భాషలోనివి కలవు. ఆ కాలపు బుద్ధప్రతిమలలో అమరావతీ శిల్పచ్ఛాయలను పండితులు గుర్తించిరి. కృష్ణాతీరపు సంఘారామములు ఒసగినది మతమును, అక్షరమును, శిల్పమును, సంతానమును కాదు. క్రెట్ లంక విహారములో మోన్ లిపిని చూచి మనము సంతోషించుటకు ఆపాటి బంధుత్వము చాలును.

సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. షోర్టో పండితుని వ్యవహారిక మోన్ నిఘంటువు 1962లోను, మోన్ శాసనభాషా నిఘంటువు 1971లోను అచ్చయినవి. ఈ సంవత్సరము మా విద్యార్థులకు తలైంగ్ పాఠమునకు మారుగా ఈ గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువు పనిని అప్పగించితిమి.