అద్దాల మండపం మీద ఇటుకలు

కోనీ ఐలండ్ సముద్రతీరం న్యూయార్కు శ్రామికులకు దగ్గరైంది 1920లో, ఐదు సెంట్ల టిక్కెట్టుతో సబ్‌వే రైలు అక్కడిదాకా నడిచినప్పుడు. 1897లో టిల్యూ నెలకొల్పిన స్టీపుల్‌చేజ్ వినోదశాల వాళ్ల సెలవురోజు స్వర్గం. అది 1964లో మూతపడింది. మరుసటి ఏడు ఇళ్ల వ్యాపారి ఫ్రెడ్ ట్రంప్ కొన్నాడు. 1966లో అతిథుల్ని పిలిచి, అద్దాల మండపం మీద ఇటుకలు రువ్వించి మరీ కూల్పించాడు. కూల్చడానికీ వేడుకే! అయితే వినోదానికి కేటాయించిన ఆ నేలలో మేడలు కట్టడానికి నగరం అనుమతి ఇవ్వలేదు.

మన విమర్శకులు గమనించవలసింది మరొకటుంది. ఈ ట్రంప్ ఇళ్లలోనే 1950లో అద్దెకు దిగిన ప్రజాగాయకుడు ఊడీ గత్రీ, నల్లవాళ్లకు అక్కడ చోటివ్వని యజమాని మీద పదాలు కట్టాడు. అవి 2016లో గాని వెలుగు చూడలేదు. స్టీపుల్‌చేజ్‌లో నేటికీ నిలిచింది పారాచూట్ గోపురం ఒక్కటే.