ఇద్దరు పియానో గురువులు

న్యూయార్క్‌లోని జూలియర్డ్ సంగీత విద్యాలయంలో పియానో నేర్పిన తొలితరం గురువులలో ఇద్దరు స్త్రీల చరిత్రలను కలిపి చదవాలి. ఇద్దరూ 1880లో పుట్టినవారే.

ఓల్గా సమరాఫ్ పేరుకే రష్యన్. టెక్సస్‌లో పుట్టిన ఆమె అసలు పేరు లూసీ హికెన్‌లూపర్. పియానో విద్య ఐరోపావారి సొత్తని అమెరికన్ శ్రోతలే నమ్మిన కాలమది. అందుకే 1905లో కార్నెగీ హాలులో వాయించేనాటికి పేరు మార్చుకోవలసివచ్చింది. 1925లో కిందపడి భుజానికి గాయమవడంతో కచేరీలు ఆగిపోయాయి. బోధనే ఆమె వృత్తి అయింది. విలియం కాపెల్ ఆమె శిష్యుడు.

రోజీనా లెవీన్ నిజంగానే రష్యా నుంచి వచ్చారు. 1898లో మాస్కో కన్సర్వేటరీలో బంగారు పతకం పొంది, అదే ఏడు పియానిస్టు జోసెఫ్ లెవీన్‌ను వివాహమాడారు. భర్తకు పోటీ కారాదని తనకంటూ వేరే కచేరీ జీవితం వద్దనుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా జర్మనీలో చిక్కుకుపోయిన ఆ దంపతులు 1919లో న్యూయార్క్ చేరారు. జూలియర్డ్‌లో ఆయన ఆచార్యుడు, ఆమె సహాయకురాలు. 1944లో ఆయన మరణించాక ఆ స్థానం ఆమెకు దక్కింది.

1958లో మాస్కోలో జరిగిన తొలి చైకోవ్‌స్కీ పోటీలో గెలిచిన వాన్ క్లైబర్న్ రోజీనా శిష్యుడే. అతడు పెరిగింది టెక్సస్‌లో. అర్ధశతాబ్దం క్రితం టెక్సస్ పిల్లకు రష్యన్ పేరు అవసరమైంది. ఇతడు సొంత పేరుతోనే రష్యన్లను మెప్పించాడు. ఆ మార్పు వెనుక ఇటువంటి గురువుల దశాబ్దాల శ్రమ ఉంది.

రోజీనా మాత్రం తన వంతు కోసం 1963 దాకా ఆగారు. 82వ ఏట న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో షోపాన్ కాన్చెర్టో వాయించారు.