తలాంతును పాతిపెట్టినది ఎవరు?



తలాంతుల ఉపమానము మనకు బాగా తెలిసినదే. అందులో ఒక దాసుడు తనకిచ్చిన తలాంతును తానే భూమిలో దాచిపెట్టాడు. అయితే ఒక మనిషి తన తలాంతును నమ్మకముగా వాడుచుండగా, చుట్టూ ఉన్నవారే దానిమీద మన్ను పోస్తే ఏమనాలి? ఈ దినము అటువంటి ఒక సహోదరిని గూర్చి తెలుసుకుందాం. ఆమె పేరు రోసెట్టా థార్ప్. లోకము ఆమెను సిస్టర్ రోసెట్టా అని పిలిచింది.

ఆమె 1915 మార్చి 20న అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊరిలో, నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తల్లి కేటీ బెల్ చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ సంఘములో సువార్తికురాలు. ఆమె మాండొలిన్ వాయిస్తూ వాక్యము చెప్పేవారు. రోసెట్టా పసితనంలోనే గిటారు పట్టుకొని తల్లితో పాటు కూటములలో పాడారు. ఆ పాటే ఆమెకు బడి, ఆ సంఘమే ఆమెకు గురువు.

1938లో ఆమె న్యూయార్క్ వచ్చి డెక్కా కంపెనీకి పాటలు రికార్డు చేశారు. కాటన్ క్లబ్ అనే నైట్ క్లబ్బులోనూ పాడారు. ఇక్కడే చిక్కు వచ్చింది. దేవుని పాటను మద్యం తాగే చోట పాడుతుందా అని సంఘస్థులలో అనేకులు ఆమెను తప్పుపట్టారు. అటు లోకస్థులకేమో ఆమె మరీ చర్చి మనిషిగా కనబడ్డారు. ఇంటివారికి పరాయి, పరాయివారికి చుట్టము కాదు!

అయినా ఆమె గిటారు ఆగలేదు. 1944లో రికార్డు చేసిన ఆమె సువార్త పాట ఒకటి, 1945లో నల్లజాతి శ్రోతల పాటల పట్టికలో రెండవ స్థానానికి ఎక్కింది. ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు విడుదలైనది 1954లో, చక్ బెర్రీది 1955లో. వారికి దాదాపు పదేళ్ల ముందే ఆ ఊపు, ఆ ఎలక్ట్రిక్ గిటారు మోత ఈమె దగ్గర ఉన్నాయి. 1947లో జార్జియాలోని మేకన్ పట్టణంలో ఒక బాలుని పాట విని, తన వేదికమీదికి పిలిచి పాడించారు. ఆ బాలుడే తరువాత లిటిల్ రిచర్డ్‌గా పేరుపొందాడు. తన తలాంతును వాడుకొనుటయే కాదు, ఎదుటివాని తలాంతును కూడా ఆమె గుర్తించారు.

మరి ఆమెకు దొరికినదేమిటి? దక్షిణ రాష్ట్రాలలో వేలమంది ఆమె పాటకు చప్పట్లు కొట్టినా, తెల్లవారి హోటళ్లలో ఆమెకు గది ఇచ్చేవారు కారు. బస్సులోనే పడుకోవలసి వచ్చేది. రాక్ అండ్ రోల్ దేశమంతా మారుమోగిన దినములలో కీర్తి, ధనము యౌవనస్థులైన పురుషులకు వెళ్లాయి. స్వదేశంలో పిలుపులు తగ్గగా, 1957 నుండి బ్రిటన్, ఐరోపా దేశాలలో ఆమెకు శ్రోతలు దొరికారు. 1964లో మాంచెస్టర్‌లో, రైళ్లు ఆగని పాత స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, వాన తడిలో కోటు వేసుకొని ఆమె గిటారు వాయించిన దృశ్యం టెలివిజన్‌లో వచ్చింది. ఆ దృశ్యం నేటికీ నిలిచి ఉంది.

1970లో పక్షవాతము వచ్చింది. మధుమేహము వలన ఒక కాలు తీసేశారు. అయినా ఆమె పాడుట మానలేదు. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు. ఆమె సమాధిమీద ఎన్నో ఏళ్ల వరకు పేరు చెక్కిన రాయి కూడా లేదు! ఎల్విస్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్‌లకు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1986లోనే స్థానమిచ్చారు. వారికి దారి చూపిన ఈ సహోదరికి 2018లో, అనగా 32 సంవత్సరముల తరువాత ఇచ్చారు.

ప్రియులారా, పరిశుద్ధతను గూర్చి సంఘము జాగ్రత్తపడుట తప్పు కాదు. గాని ఆ జాగ్రత్త పేరుతో మనిషిని దూరము పెట్టితే, ఆమెకు వెనుదిరిగి వచ్చుటకు గుమ్మము ఏది? మీ సంఘములో డోలక్ కొట్టే పిల్లవాడు, గిటారు నేర్చుకొనే చెల్లెలు ఉన్నారా? వారు తప్పటడుగు వేస్తే మందలించండి, కానీ చేయి విడువకండి. వారు బాగా పాడితే ఈ ఆదివారమే ఆ మాట వారితో చెప్పండి. సమాధిమీద పెట్టే రాయికంటే, బ్రతికి ఉండగా చెప్పే ఒక మంచి మాట మేలు.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.