పూత బుల్లెట్లు: రీలోడింగ్ చేసేవారు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవారిలో కొందరు ఖర్చు తగ్గుతుందని పిస్టల్ తూటాలను ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటారు. కాల్చిన ఖాళీ కేసులో కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అమర్చడమే రీలోడింగ్. ఇందుకు వాడే బుల్లెట్లు ముఖ్యంగా నాలుగు రకాలు.

వట్టి సీసం: చవక. పొగ ఎక్కువ, బ్యారెల్‌లో సీసం పేరుకుంటుంది.

పాలిమర్ పూత: సీసంపై వేడితో గట్టిపరిచిన పొర. పొగ, పేరుకోవడం బాగా తగ్గుతాయి. 9 ఎంఎంలో వ్యాసం సాధారణంగా 0.356 అంగుళాలు.

రాగి ప్లేటింగ్: పలుచని పొర. కేసు అంచును మరీ బిగిస్తే తెగుతుంది.

జాకెట్: మందమైన రాగి తొడుగు. 9 ఎంఎంలో 0.355 అంగుళాలు. ధర ఎక్కువ.

ఒక రకానికి ఇచ్చిన పౌడర్ కొలతను మరో రకానికి వాడొద్దు. రీలోడింగ్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

డబ్బు, శుభ్రత రెండూ చూసుకుంటే రేంజ్ సాధనకు పాలిమర్ పూత మేలు. అయితే పూత ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మామూలు ప్రైమర్లలోనూ సీసం ఉంటుంది. కేసులు శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములోనూ అదే. పిల్లల రక్తంలో సీసానికి సురక్షిత స్థాయి అంటూ లేదు. కాబట్టి ఆ పని వంటింటికి, పిల్లలకు దూరంగా చేయండి. ముగించగానే చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

మరో మాట. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలవారు తుపాకులు, మందుగుండు కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. విడి బుల్లెట్, ప్రైమర్ కూడా ఆ చట్టం దృష్టిలో మందుగుండే. కొనేముందు లాయర్‌ను అడగండి.